బల్లకు ఇరువైపులా: తెలుగు సాహిత్యంలో కొలువు, ఒత్తిడి

2019 నవంబరు 4, సోమవారం మధ్యాహ్నం రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్ తహసీల్దారు విజయారెడ్డి తన కార్యాలయ గదిలోనే సజీవదహనమయ్యారు. భూమి పత్రాల విషయమై వచ్చిన ఒక వ్యక్తి ఆమెపై పెట్రోలు పోసి నిప్పంటించాడు. కాపాడబోయిన డ్రైవరు మరునాడు మరణించారు. నిప్పంటించిన వ్యక్తి కూడా కాలిన గాయాలతో కొద్దిరోజులకే చనిపోయాడు. అబ్దుల్లాపూర్‌మెట్ ఇబ్రహీంపట్నం రెవెన్యూ డివిజన్‌లోని మండలం. ఈ వ్యాసకర్త పెరిగింది ఇబ్రహీంపట్నంలో. ఆర్టీసీ సమ్మె వల్ల బస్సులు పలచబడిన బస్టాండు దగ్గర ఆ సాయంత్రానికే రెండు కథలు వినిపించాయి. ఒకటి లంచానికి విసిగిపోయిన రైతు కథ. రెండోది విధినిర్వహణలో అసువులు బాసిన అధికారిణి కథ. చెప్పేవాళ్లలో చాలామందికి ఆ గదిలో ఏం జరిగిందో తెలియదు. అయినా కథనంలో తడబాటు లేదు. పాత్రలు, వాటి స్వభావాలు ముందే సిద్ధంగా ఉన్నాయి.

అవి ఎక్కడ సిద్ధమయ్యాయి అన్నదే ఈ వ్యాసానికి మూలప్రశ్న. ప్రభుత్వోద్యోగిని ఏ కోణం నుంచి చూడాలో తెలుగు సాహిత్యం మనకు నేర్పింది. ప్రాచీన సాహిత్యంలో ఆ చూపు కొలువు లోపలి నుంచి ఉండేది. ఆధునిక వాస్తవికత దాన్ని బల్లకు ఇవతలికి, అర్జీదారు వైపుకి మార్చింది. ఆ మార్పు న్యాయమైనదే, అవసరమైనదే. కానీ దాని వల్ల ఉద్యోగి చేసే పని, ఆ పనిలో మనిషికి కలిగే అరుగుదల మన కథావస్తువుల్లోంచి దాదాపు జారిపోయాయి. ఇక్కడ ప్రతిపాదిస్తున్నది ఇంతే.

ముందు మాటల సంగతి. ‘ఒత్తిడి’ అనే మాటను మానసిక స్థితికి వాడడం తెలుగులో ఇటీవలి అలవాటు. అంతకుముందు అది శరీరానికి, వస్తువుకు సంబంధించిన మాట. తెలంగాణ వాడుకలో ‘పరేషాన్’, ‘తక్లీఫ్’, ‘యాష్ట’ ఉన్నాయి. ‘యాష్టకొచ్చింది’ అన్నప్పుడు అలసట, విసుగు, ఇక చాలన్న నిస్పృహ మూడూ కలిసి వినిపిస్తాయి. 2019 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణలో ‘బర్న్‌అవుట్’ను వ్యాధిగా కాక వృత్తి సంబంధమైన స్థితిగా చేర్చి, దానికి మూడు లక్షణాలు చెప్పింది: శక్తి హరించుకుపోవడం, పని పట్ల విముఖత, పని సామర్థ్యం తగ్గిందన్న భావన. మన ‘యాష్ట’ ఆ మూడింటిలో మొదటి రెండింటికి బాగానే సరిపోతుంది. ఇక ‘ఉద్యోగం’ అనే సంస్కృత పదానికి మూలార్థం ప్రయత్నం, పూనిక. భారతంలోని ఉద్యోగపర్వానికి ఆ పేరు వచ్చింది ఆ అర్థంలోనే. నేడు పాలనాశాస్త్రం ‘ప్రేరణ’ అంటున్నది ఈ మాట లోపలే ఉంది. జీతం, హోదా, భద్రత అనే అర్థాలు పెరిగేకొద్దీ ఆ పూనిక అర్థం అడుగున పడింది. ‘కొలువు’ అన్న మాటలో ఆ పూనిక లేదు. అందులో ఉన్నది ఒకరి ఎదుట నిలబడడం.

ఆ నిలబడడాన్ని తిక్కన వర్ణించినంత సూక్ష్మంగా ఆ తరువాత మరొకరు వర్ణించలేదని నా అభిప్రాయం. విరాటపర్వం ప్రథమాశ్వాసంలో ధౌమ్యుడు పాండవులకు సేవాధర్మం బోధిస్తాడు. మనం దాన్ని నీతిగా చదువుకుంటాం, పోటీపరీక్షల్లో బిట్లుగా గుర్తుపెట్టుకుంటాం. దాన్ని మరోలా చదవడానికి వీలుంది. బోధించేది రాజపురోహితుడు, వినేవాళ్లు నిన్నటిదాకా కొలువు తీరినవాళ్లు. రేపటి నుంచి కొలువు చేయబోతున్నారు. కొత్త ఉద్యోగంలో చేరబోయే అయిదుగురికి ఇచ్చిన తొలి శిక్షణ అది. రాజు దగ్గర మసలే ఏనుగుతోనే కాదు, దోమతోనైనా వైరం వద్దంటాడు. ఎంత కలిమి ఉన్నా రాజభవనాన్ని మించిన ఇల్లు కట్టుకోవద్దంటాడు. సభలో ఆవులింత, తుమ్ము, నవ్వు బయటపడకుండా చూసుకోమంటాడు. ఆ తరువాత వచ్చే ఒక పద్యం ఈ చర్చకు అత్యంత కీలకం. ఎండకూ వానకూ ఓర్చుకోవాలి. ఇది ఇల్లు, ఇది పరాయిచోటు అనకూడదు. ఆకలి, అలసట, నిద్రలేమి, దాహం, తోడులేనితనం వంటివాటి గురించి నోరు మెదపకూడదు. పని ముంచుకువచ్చినప్పుడు ఏలిక చూపిన చిన్న సూచన చాలు, తత్పరతతో పని చేయాలి. ఆ పద్యంలోని భావం ఇది.

వ్యాఖ్యాతలు దీన్ని సేవకుడి సుగుణాల పట్టికగా చూశారు. కానీ వద్దన్న మాటలను వరుసగా రాసుకుంటే తయారయ్యేది కొలువులోని కష్టాల పట్టిక. అనకూడదంటే, అనాలనిపించే స్థితి ఉన్నదనే అర్థం. తిక్కన స్వయంగా మనుమసిద్ధి కొలువులో మంత్రి. మంత్రిగా ఆయనకు ఆ గొంతు తెలుసు. సేవకుడు మింగుకున్న మాటల్ని నిషేధం చాటున చెప్పించాడు. 1983లో అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ విమాన పరిచారికల పనిని, బాకీలు వసూలు చేసేవారి పనిని పరిశీలించి, ముఖంలో కనిపించే భావాన్ని ఉద్యోగ అవసరానికి తగ్గట్టు దిద్దుకోవడం కూడా శ్రమేనని, దానికి ‘భావోద్వేగ శ్రమ’ అని పేరు పెట్టింది. ఆవులింతనూ నవ్వునూ దాచుకోమన్న ధౌమ్యుడి బోధ సరిగ్గా ఆ శ్రమ గురించే. 1883లో చెహోవ్ రాసిన ‘గుమాస్తా మరణం’ కథ ఇక్కడ గుర్తుకు రాక మానదు. నాటకశాలలో ముందు వరుసలో కూర్చున్న జనరల్ మీద తుమ్మిన ఒక చిన్న ఉద్యోగి పదేపదే క్షమాపణ చెప్పుకుని, చివరికి ఆ భయంతోనే చనిపోతాడు. తిక్కనలో తుమ్ము నియమంగా కనిపిస్తే చెహోవ్‌లో అది హాస్యంగానూ మరణంగానూ మారింది.

ధౌమ్యుడి నియమాలకు అసలు పరీక్ష కీచకుడి ఘట్టంలో వస్తుంది. సైరంధ్రిగా పని చేస్తున్న ద్రౌపదిని సేనాపతి నిండుకొలువులో తన్నుతాడు. రాజు దాన్ని దండించలేకపోతాడు. కంకుభట్టు వేషంలో ఉన్న ధర్మరాజు, సభలో ఇలా నిలబడి ఏడవడం తగదని ఆమెనే మందలిస్తాడు. సమాధానంగా ద్రౌపది తన మగని వృత్తిని ఎత్తిపొడుస్తుంది. ఈ ఘట్టాన్ని పతివ్రతాధర్మంగా, నాటకీయతకు ఉదాహరణగా ఎన్నోసార్లు చర్చించాం. పనిచోట అవమానం పొందిన స్త్రీకి, అదే కొలువులో ఉన్న సాటి సేవకుడు సేవాధర్మాన్ని గుర్తుచేయడంగా దాన్ని చదివితే ధౌమ్యుడి బోధ ఖరీదు ఎంతో తెలుస్తుంది. ఒకరు మౌనంగా ఉండాలంటే మరొకరు కాపలా కాయాలి. ఆ కాపలా కాసేవాడికీ గుండె మండుతూనే ఉంటుంది. ధర్మరాజు పాత్రలో తిక్కన ఆ మంటను దాచలేదు.

తరువాతి కాలంలో ఈ లోపలి చూపు చెదురుమదురుగా కనిపిస్తుంది. సుమతీశతకంలో కరణం మీద ఉన్న పద్యాన్ని కరణాల దుష్టత్వానికి సాక్ష్యంగా వాడుకోవడం అలవాటైంది. కానీ దాని భావం వేరు. కరణం తోటి కరణాన్ని నమ్మితే చెడతాడని, గుట్టు విప్పకుండా బతకమని అది చెబుతుంది. అంటే అది కరణానికి చేసిన హెచ్చరిక. రైతును ఉద్దేశించింది కాదు. సహోద్యోగిని నమ్మలేని స్థితి గురించి ఇంత క్లుప్తంగా చెప్పిన పద్యం మరొకటి గుర్తుకు రావడం లేదు.

కంచెర్ల గోపన్న గోల్కొండ ప్రభువుల కింద పాల్వంచ పరగణా తహసీల్దారు. వసూలైన శిస్తును భద్రాచల ఆలయానికి ఖర్చుపెట్టి ఖైదు అనుభవించినట్లు సంప్రదాయ కథనం. ఖైదు కీర్తనల్లో భక్తి గురించి చాలా రాశారు. ఒక కీర్తనలో ఏ నగకు ఎన్ని మొహరీలు పట్టాయో దేవుడికి వరుసగా లెక్క చెప్పడం మాత్రం భక్తి పరిభాషలో ఇమడదు. అది పై అధికారికి రాసిన సంజాయిషీ. లెక్క చెబుతూ చెబుతూ గొంతులో కోపం పేరుకుని నిందగా మారుతుంది, ఆ వెంటనే క్షమాపణ వస్తుంది. ఈ మూడు మెట్లూ ఒత్తిడిలో ఉన్న ఉద్యోగి మాటతీరుకు చాలా దగ్గరివి. నేటి తహసీల్దారులు రామదాసును తమవాడని చెప్పుకుంటారో లేదో గాని, చెప్పుకుంటే తప్పులేదు.

ఆధునిక సాహిత్యం వచ్చేసరికి బల్ల ఇవతలి మనిషి కథానాయకుడయ్యాడు. 1897లో అచ్చయి, 1909లో కొత్తరూపు దాల్చిన ‘కన్యాశుల్కం’లో హెడ్ కానిస్టేబుల్ అధికారాన్ని పేకముక్కల్లా ఆడుకుంటాడు. నిజాం కాలపు తెలంగాణ పల్లెను చిత్రించిన దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ నవలలో దొరతో పాటు కరణం కూడా ఊరి నెత్తిన కూర్చున్న దేవుడే. ఆ శీర్షికే ఒక విమర్శ. రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’లో మద్యనిషేధపు చట్టం, పోలీసు, కోర్టు ఒకే యంత్రంగా పని చేస్తాయి. ‘మాయ’ కథలో ముద్దాయిగా వచ్చిన ముత్యాలమ్మ చూపులోంచే ఆ యంత్రం మనకు అర్థమవుతుంది. న్యాయవాదిగా రావిశాస్త్రి ఉద్యోగుల మధ్యే తిరిగాడు. అయినా కథ చెప్పే హక్కును ముత్యాలమ్మకే ఇచ్చాడు. ఆ ఎంపికను తప్పుపట్టడం ఈ వ్యాస ఉద్దేశం కాదు. శతాబ్దాల పాటు కరణం రాసిందే చరిత్ర అయిన సమాజంలో, కరణం ఎదుట చేతులు కట్టుకుని నిలబడిన మనిషికి గొంతు ఇవ్వడం సాహిత్యం చేసిన గొప్ప పని.

ఉద్యోగి పక్షాన నిలిచిన ప్రసిద్ధ రచన ఆత్రేయ నాటకం ‘ఎన్.జి.ఓ.’. ఆ పేరును ఒక్కసారి ఆగి చూడాలి. గెజిటెడ్ కానివాడు అని చెప్పడమే తప్ప ఏమిటో చెప్పని పేరు అది. ఒక కాదు అనే మాటతో గుర్తింపు పొందిన వర్గం కష్టాన్ని ఆత్రేయ తెలుగు రంగస్థలం మీదికి తెచ్చాడు. కానీ ఆ కష్టం ఇంటిలో జరుగుతుంది. చాలీచాలని జీతం, నెలాఖరు, కుటుంబ బాధ్యతలు. ఆఫీసు గది నాటకానికి కారణం అవుతుందే గాని రంగస్థలం కాలేదు. ఆ తరువాత వచ్చిన మధ్యతరగతి కథలు ఎక్కువగా ఈ దారినే నడిచాయి. ఆ విధంగా మనకు రెండు మూసలు స్థిరపడ్డాయి. ఇంట్లో ఉద్యోగి దీనుడు, ఆఫీసులో దుర్మార్గుడు. ఉదయం పదిన్నరకు ఇంటి గడప దాటినవాడు ఆఫీసు గడప తొక్కేలోగా దీనుడు దుర్మార్గుడిగా ఎలా మారుతున్నాడన్న ప్రశ్నను తెలుగు కథ తగినంతగా అడగలేదు.

2019 ఘటనను ఇప్పుడు మళ్లీ చూద్దాం. 2017 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం భూరికార్డుల ప్రక్షాళన చేపట్టింది. తరాలుగా తేలని హద్దులు, వారసత్వాలు, సాదాబైనామాలు కొద్ది నెలల గడువులో తేలాలి. 2018 మే నుంచి రైతుబంధు సొమ్ము కొత్త పాసుపుస్తకంతో ముడిపడింది. పాసుపుస్తకం లేని రైతుకు అది భూమి సమస్య మాత్రమే కాదు, ఆ సీజన్ పెట్టుబడి సమస్య కూడా. హైదరాబాదును ఆనుకుని ఉన్న రంగారెడ్డి జిల్లాలో ఎకరం విలువ పెరిగేకొద్దీ ప్రతి సర్వే నంబరు చుట్టూ వివాదం పెరిగింది. పైనుంచి గడువు, కింది నుంచి అర్జీ. ఆ రెండూ కలిసే చోట తహసీల్దారు, వీఆర్వో, కంప్యూటర్ ఆపరేటరు కూర్చుని ఉన్నారు. మైకేల్ లిప్‌స్కీ 1980లో రాసిన గ్రంథంలో ఉపాధ్యాయులు, పోలీసులు, సంక్షేమ సిబ్బంది వంటి క్షేత్రస్థాయి ఉద్యోగుల గురించి చెప్పింది ఇదే. వనరులు ఎప్పుడూ పనికి సరిపోవు, కాబట్టి వాళ్లు జనాన్ని వేచి ఉంచడం, వర్గాలుగా విడగొట్టడం, కొందరిని వదిలేయడం అలవాటు చేసుకుంటారు. బల్ల ఇవతల నిలబడినవాడికి కనిపించే నిర్లక్ష్యం బల్ల అవతల బతకడానికి నేర్చుకున్న ఉపాయం కావచ్చు. దోపిడి కూడా కావచ్చు. ఏది ఎప్పుడు ఏదో విడదీసి చూపగలిగింది శాస్త్రం కన్నా కథే.

ఆ నవంబరు 4 ఆర్టీసీ సమ్మెకు 31వ రోజు. అక్టోబరు 5న మొదలైన ఆ సమ్మెలో సుమారు 48 వేల మంది పాల్గొన్నారు. ఇబ్రహీంపట్నం డిపో కార్మికులూ అందులో ఉన్నారు. 52 రోజుల తరువాత సమ్మె విరమించారు. సమ్మె మీద పాటలు, కవితలు వెంటనే వచ్చాయి. వాటిలో మంచివీ ఉన్నాయి. అబ్దుల్లాపూర్‌మెట్ గది మీద సాహిత్యం దాదాపు మౌనం వహించింది. సానుభూతి లోపించిందనడం తొందరపాటు. సమ్మెకు మన సాహిత్యంలో ఒక అచ్చు సిద్ధంగా ఉంది. కార్మికుడు, యాజమాన్యం, జెండా, విజయమో ఓటమో. కండక్టరు కూడా ప్రయాణికుడికి చిల్లర ఇవ్వలేక తిట్లు తినే ప్రభుత్వసేవకుడే అయినా, సమ్మె పాటలో ఆ చిల్లర గొడవ మాయమవుతుంది. ఆ గదిలో మాత్రం జెండా లేదు. అర్జీదారుడూ ఉద్యోగీ ఒకరికొకరు ప్రభుత్వంగా, ప్రజలుగా కనిపించారు. ఎవరి పక్షాన నిలబడాలో తెలియని చోట మన ప్రగతిశీల కవిత్వం మాట్లాడడం నేర్చుకోలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం సహజం. ఒత్తిడి గురించి మాట్లాడడం లంచాన్ని కప్పిపుచ్చే సాకు కాదా? అవుతుంది, జాగ్రత్త లేకపోతే. నెలనెలా జీతం, సెలవు, పింఛను భరోసా ఉన్నవాడి విసుగును, పాసుపుస్తకం కోసం కూలి పోగొట్టుకుని పది సార్లు తిరిగిన రైతు విసుగుతో సమానం చేస్తే అది అన్యాయం. నాతో పాటు పరిశోధన చేస్తున్న మిత్రుల్లో చాలామంది రాత్రిళ్లు గ్రూప్స్‌కు చదువుతున్నారు. బల్ల అవతలికి చేరాలనే మా అందరి ఆశా. కాబట్టి ఈ వాదనలో స్వార్థం లేదని నేను చెప్పుకోలేను. కానీ సమానం చేయడం వేరు, ఒకే కథలో ఉంచడం వేరు. ముత్యాలమ్మ చూపును వదలకుండానే పోలీసు ఎన్ని గంటలుగా నిలబడి ఉన్నాడో చెప్పవచ్చు. చెప్పినంత మాత్రాన అతని లంచం చిన్నదైపోదు.

అసలు ప్రమాదం మరో వైపు నుంచి వస్తోంది. సాహిత్యం వదిలేసిన ఈ లోపలి చోటును ఇప్పుడు పాలనా పరిభాష ఆక్రమిస్తోంది. జేమ్స్ పెరీ, లోయిస్ వైజ్ 1990లో ప్రజాసేవా ప్రేరణ గురించి రాసినప్పుడు అందులో స్వప్రయోజనం, ధర్మనిష్ఠ, మనుషుల పట్ల ఆర్ద్రత మూడింటికీ చోటు ఇచ్చారు. 2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం ఉద్యోగుల శిక్షణ కోసం ప్రకటించిన పథకానికి ‘మిషన్ కర్మయోగి’ అని పేరు. అదే నెలలో తెలంగాణ శాసనసభ వీఆర్వో పదవినే రద్దు చేస్తూ చట్టం చేసింది. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ పోయినప్పటిలాగే ఈసారీ రోగం పదవిలో ఉందని నిర్ణయమైంది. ఒకచోట ఫలాపేక్ష లేకుండా పని చేయమన్నారు, మరోచోట పనే లేకుండా చేశారు. కర్మయోగి అన్న మాట గీతలోది. దానికి ధౌమ్యుడి బోధకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. ధౌమ్యుడు ఆకలిని, నిద్రలేమిని, ఒంటరితనాన్ని కనీసం పేరుపెట్టి చెప్పాడు. కర్మయోగికి అవి ఉన్నట్లే లెక్క కాదు. 2025లో భూభారతి చట్టంతో పాటు గ్రామపాలనాధికారులు వచ్చారు. ఊరిలో ఆ కుర్చీ మళ్లీ వేశారు.

విజయారెడ్డి మరణం తరువాత కర్నూలు జిల్లా పత్తికొండలో తహసీల్దారు గదిలో అర్జీదారులకూ తన బల్లకూ మధ్య ఒక తాడు కట్టించుకున్నారని పత్రికలు రాశాయి. ఫొటోలు కూడా వచ్చాయి. చాలామంది నవ్వుకున్నారు. అధికారికి భయం వేసిందన్నది వార్త. ఆ తాడు దగ్గరికి వచ్చి ఆగిపోయిన మొదటి రైతు ఏమనుకుని ఉంటాడు, చేయి చాచి కాగితం ఎలా ఇచ్చి ఉంటాడు, అందుకున్న మనిషి అతని ముఖం వైపు చూసి ఉంటుందా, ఇది కథ. రావిశాస్త్రి అయితే రైతు వెనక నిలబడి రాసేవాడు. తిక్కన బల్ల వెనక నిలబడేవాడు. ఆ తాడును మధ్యలో పట్టుకుని రాసినవాళ్లు ఇంకా రాలేదు.

ఇబ్రహీంపట్నంలోనే మరో సందర్భం ఉంది. 2022 ఆగస్టు 25న ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో ఒకే రోజు 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు జరిగాయి. తరువాతి రోజుల్లో నలుగురు మరణించారు. విచారణ జరిగింది, చర్యలు ప్రకటించారు, వార్త ముగిసింది. ఇలాంటి శిబిరాలకు మహిళలను ఒప్పించి తీసుకువచ్చే పని సాధారణంగా ఆశా కార్యకర్తలది. ప్రభుత్వం వాళ్లను ఉద్యోగులు అనదు, జీతం ఇవ్వదు, పారితోషికం ఇస్తుంది. ఊరివాళ్లకు మాత్రం ప్రభుత్వమంటే ఆమే. తిక్కన పద్యం ఇది ఇల్లు, ఇది పరాయిచోటు అనకూడదంటుంది. ఆశా కార్యకర్తకు ఆ రెండూ ఒకటే వీధి. మృతురాలి ఇంటి ముందు నుంచి మరుసటి వారం టీకాల రిజిస్టరు పట్టుకుని ఆమె నడిచి వెళ్లాలి. గుమ్మంలో కూర్చున్న అత్తగారు ఆమెను పలకరిస్తుందో లేదో, పలకరిస్తే ఏ మాటతో మొదలుపెడుతుందో, ఆ సంభాషణ దగ్గర నుంచి మొదలయ్యే కథ కోసం ఒక పాఠకుడిగా ఎదురుచూస్తున్నాను.